ఇంకొక్క పేజీ

"బొత్తాం వచ్చేదాకా తలుపు తియ్యను! అంతే!"

బాత్‌రూమ్ లోపలి నుంచి పిల్ల గొంతు మళ్ళీ వినిపించింది. ఇంట్లో ఉన్నది ఒక్కటే బాత్‌రూమ్. దాని ముందు ఇరుకు నడవలో తాత, నానమ్మ, తండ్రి ముగ్గురూ టిక్కెట్ల కోసం నిలబడ్డట్టు వరసగా నిలబడి ఉన్నారు. తాతగారి చేతులకి మోచేతుల దాకా మట్టి. కడుక్కుందామంటే దారి లేదు. ఆ చేతుల్ని దేనికీ తగలకుండా గాల్లో పెట్టుకుని ఆయన పళ్ళు నూరుతున్నారు.

కోడలు అప్పుడే పని నుంచి వచ్చింది. భుజం మీద సంచీ ఇంకా దించలేదు. కళ్ళజోళ్ళ దుకాణంలో పొద్దస్తమానం అద్దాలు అరగదీసి అరగదీసి వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి.

"బొత్తాం రావడమేమిటి? అది ఎక్కడికెళ్ళింది?" అంది.



ఆమె వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసింది. కాళ్ళు తుడుచుకునే పట్టా మీద బొత్తాం లేదు. రోజూ ఆమె అడుగుల చప్పుడు వినగానే ఒళ్ళంతా ఊపేస్తూ ఎదురొచ్చే కుక్క అది. తెల్లటి ఒళ్ళు, నుదుటి మీద కోటు బొత్తామంత ఒక్కటే నల్లమచ్చ. ఇవాళ ఎదురు రాలేదని ఆమెకి ఇప్పుడు తట్టింది. దాని నీళ్ళ గిన్నె ఎవరో కడిగి, గోడవార బోర్లించి పెట్టారు.

ఆ బోర్లించిన గిన్నె చూడగానే విషయం అర్థమైపోయింది.

"ఏమండీ, మిమ్మల్నే అడుగుతున్నాను. కుక్కేదీ?"

భర్త నీళ్ళ క్యాన్లు ఇంటింటికీ వేసే వ్యాను నడుపుతాడు. ఎంత బరువైనా అవలీలగా మోస్తాడు గానీ, మాట మొయ్యడం అతనికి చేతకాదు. చొక్కా అంచు లాక్కుంటూ నిలబడ్డాడు.

"పొద్దున లోడు ఎక్కించుకోవడానికి వెళ్ళినప్పుడు... గోడౌన్ దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు కదా... అతనికి కుక్క కావాలన్నాడు. అక్కడైతే బోలెడంత ఖాళీ స్థలం..."

"ఇచ్చేసి వచ్చారా?"

"ఇచ్చేసి అంటే..."

"ఇచ్చేసి వచ్చారా, లేదా?"

"నాన్న చెప్పాడు," అన్నాడు.

నలభై దాటిన మనిషి అన్న మాట అది! పెరట్లో బంతి తగిలి కుండీ పగిలితే పిల్లలు చెప్పే జవాబు. కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నాకు ఒక్క ఫోన్ చెయ్యలేకపోయారా?"

"చేస్తే నువ్వు ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకోనని తెలిసే చెయ్యలేదన్నమాట. పిల్ల బడికి వెళ్ళాక, నేను పనికి వెళ్ళాక, దొంగల్లాగా పట్టుకెళ్ళారు."

"నేను చెప్పాను, వాడు చేశాడు," అన్నారు మామగారు. ఆయన గొంతు ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉంటుంది. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కుగా పని చేసినన్నాళ్ళూ ఆ మోటార్ల హోరు మీద మాట్లాడి మాట్లాడి, రిటైరయ్యాక దాన్ని దించడం మరిచిపోయారు. "వాణ్ణి అనకు, నన్నను. నిన్న నా గులాబీ మడి ఏమైందో చూశావుగా? ఆదివారం పూల ప్రదర్శన. రెండేళ్ళు పసిపిల్లలా సాకిన మొక్క. వేళ్ళతో సహా పెకలించి పారేసింది. అలాంటి జంతువు ఈ ఇంట్లో ఉండదు. అంతే!"

అదీ ఆయన పద్ధతి. మిషను ఆగిందంటే చెడిన ముక్క ఎక్కడుందో పట్టుకోవాలి, పీకి అవతల పారెయ్యాలి, మిషను నడవాలి. ఆ పద్ధతి లిఫ్టుల దగ్గర బాగానే పనిచేసింది. ఇంట్లో మనుషులున్నారని, ఆ ముక్కకి ఒక పిల్ల చుట్టుకుని ఉందని ఆయనకి ఎవరు చెప్పాలి?

"అంతే!" అంది లోపలి నుంచి పిల్ల, అచ్చం తాత గొంతుతో.

మామూలు రోజైతే అందరూ నవ్వేవారే.

"అయినా అసలు తప్పు కుక్కది కాదులే," అన్నారు మామగారు, మట్టి చెయ్యి కోడలి వైపు ఊపుతూ. "నోరులేని జంతువు, దానికేం తెలుసు? ఇంట్లో మనిషి ఉంది. నిన్న నీకు సెలవు. వరండాలో కూర్చునే ఉన్నావు. పది అడుగుల దూరంలో కుక్క మడంతా తవ్వి పోస్తుంటే నీకు వినపడలేదు. ఎందుకని? చేతిలో నవల! ఆ నవల పట్టుకుంటే కొంపలు మునుగుతున్నా నీకు పట్టదు. నేనూ చదువుతాను పుస్తకాలు. మొక్కల పుస్తకం చదువుతాను, నాలుగు ముక్కలు నేర్చుకుంటాను. ఎక్కడా లేని మనుషుల ప్రేమలూ ఏడుపులూ చదివి ఎవడు బాగుపడ్డాడు?"

కోడలు తల తిప్పి అత్తగారి వైపు చూసింది.

అత్తగారు కొంగు చివర మెలిపెడుతూ నేలకేసి చూస్తున్నారు.

నిన్నటి సంగతి ఆ ఇద్దరికే తెలుసు. నవల కోడలిది కాదు. అంటే, తెచ్చింది కోడలే, చదివిందీ కోడలే. చదివించుకున్నది మాత్రం అత్తగారు.

కళ్ళ ఆపరేషన్ అయినప్పటి నుంచి అత్తగారికి చిన్న అక్షరాలు నిలవడం లేదు. కోడలు తన చేత్తో ఎన్ని అద్దాలు అరగదీసి పెట్టినా లాభం లేకపోయింది. దాంతో సెలవు రోజుల్లో మధ్యాహ్నం మామగారు కునుకు తీసే వేళకి వరండాలో చదువు మొదలైంది. అత్తగారి ఒళ్ళో ఎప్పుడూ కుట్టుపని బుట్ట ఉంటుంది. లోపల మంచం కిర్రుమందంటే నవల బుట్టలోకి, సూది చేతిలోకి. ఆ సూదిలోకి ఏనాడూ దారం ఎక్కలేదు. ఆ సంగతి మామగారు కనిపెట్టనూ లేదు.

నిన్న ఆ చదువు మధ్యలోనే పెరట్లోంచి కుయ్ కుయ్‌మని మూలుగు వినిపించింది. ముళ్ళు గుచ్చుకుని ఉంటాయి పాపం. కోడలు పుస్తకం మూసి లేవబోయింది. అత్తగారు ఆమె మణికట్టు పట్టుకున్నారు.

"ఉండవే. కథలో ఆ తల్లి తలుపు తీసిందో లేదో తెలియకుండా వెళ్ళిపోతావా? ఇంకొక్క పేజీ. అది ఎక్కడికీ పోదులే."

అదీ జరిగింది. నిన్న నవల బుట్టలోకి వెళ్ళేలోపే మామగారు వచ్చేసి, అది కోడలి చేతిలో చూశారు.

నిన్న సాయంత్రమంతా తల వాచేలా చీవాట్లు పడుతుంటే కోడలు నోరు విప్పలేదు. అత్తయ్యే చెబుతుందిలే, పెద్దావిడ, తనంతట తను చెబితే బాగుంటుంది అనుకుంది. రాత్రి భోజనాల దగ్గర చెబుతుందనుకుంది. పొద్దున్నైనా చెబుతుందనుకుంది. ఈలోపు కుక్కే పోయింది.

అత్తగారు ఇప్పుడూ చెప్పలేదు.

"అత్తయ్యా," అంది కోడలు నెమ్మదిగా.

"పిల్ల బడి నుంచి వచ్చాక ఏమీ తినలేదే," అన్నారు అత్తగారు, ఇంకెక్కడికో చూస్తూ. "ముందు దాన్ని బయటికి రమ్మను."

కోడలు సంచీని విసురుగా కుర్చీలో పడేసి పెరట్లోకి నడిచింది. ఇంకో క్షణం ఆ నడవలో ఉంటే అనకూడని మాటేదో అనేసేది.

మడి నిన్న ఉన్నట్టే ఉంది. మామగారు పొద్దుటి నుంచి దాని చుట్టూ తిరుగుతున్నారే గానీ బాగుచేసినట్టు లేదు. పెకలించిన గులాబీ పక్కన వాడి పడి ఉంది. మిగతా మొక్కలు నిక్షేపంలా ఉన్నాయి. చామంతుల జోలికి కుక్క పోలేదు. తీగ మొక్కల జోలికీ పోలేదు. సరిగ్గా ఒక్క గులాబీ మొదట్లోనే మోకాలి లోతున తవ్వింది.

ఇన్నేళ్ళలో ఒక్క ఆకు తుంచని కుక్క, ఈ ఒక్క మొక్క మీద ఎందుకు పగబట్టింది?

ఆమె గొంతుక్కూర్చుని గుంటలోకి వంగింది. మట్టిలో అక్కడక్కడా బూడిద రంగు పొడి. పిడికెడు మట్టి తీసి వాసన చూసింది. పాత మాంసం కొట్టు ముందు నుంచి నడిచినట్టయింది.

లేచి పనిముట్ల గది తలుపు తోసింది. పార పక్కన కొత్త గోనె సంచీ, మూతి దారంతో కట్టి ఉంది. దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని, నడవలోకి వచ్చి, మామగారి కాళ్ళ ముందు ధబ్బున పడేసింది. బూడిద రంగు ధూళి లేచింది.

"ఏమిటి మామయ్యా ఇది?"

"ఎరువు."

"ఏం ఎరువు?"

"పూలకి బలం. పుస్తకంలో రాశాడు. ప్రదర్శనకి ముందు మొక్క మొదట్లో లోతుగా పెడితే పువ్వు అరచెయ్యంత పూస్తుందని..."

"ఏం ఎరువని అడుగుతున్నాను!"

"ఎముకల పొడి," అన్నారు మామగారు.

ఆ మాట తన చెవులకే వినిపించాక ఆయన సంచీ నుంచి ఒక అడుగు వెనక్కి వేశారు.

భర్త సంచీ వైపు చూశాడు. తండ్రి వైపు చూశాడు. నవ్వాలో ఏడవాలో తెలియక దగ్గాడు.

"కుక్కున్న ఇంట్లో ఎముకలు పాతిపెట్టారు," అంది కోడలు. ఆమె గొంతు పెంచలేదు. అదే భయంగా ఉంది. "దాని ముక్కు కింద పాతిపెట్టారు. అది తవ్వింది. తవ్విందని దాన్ని ఇంట్లోంచి గెంటేశారు. ఎంత బాగుంది మామయ్యా న్యాయం! ఆ పుస్తకంలో కుక్కలున్న ఇంట్లో జాగ్రత్త అని రాయలేదా?"

మామగారు మట్టి చేతులకేసి చూసుకున్నారు. "ఆ పేజీ దాకా ఇంకా రాలేదు."

"రాలేదా? మరి నవలలు చదివేవాళ్ళకే ఒళ్ళు తెలియదన్నారే ఇందాక?"

మర్యాదస్తుడైతే అక్కడ ఆగిపోయేవాడు. తప్పు దొరికినప్పుడు ఇంకా పెద్దగా అరిచేవాళ్ళు కొందరుంటారు. మామగారు ఆ జాతి.

"సరే, పొడి నేనే వేశాను! వేస్తే? మనిషి ఇంట్లో ఉండి చూసుకోవద్దా? అది తవ్వడం మొదలెట్టగానే ఒక్క కేక వేస్తే ఆగిపోయేది కదా? నీకు లేవడానికి బద్ధకం! ఆ దరిద్రపు పుస్తకం వదలబుద్ధి కాలేదు నీకు! ఏదీ అది? ఎక్కడుంది? ఈ ఇంట్లో ఇక ఉంటే అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి!"

ఆ ఊపులో ఆయన వరండాలోకి వెళ్ళారు. కుర్చీ పక్కనున్న కుట్టుపని బుట్టలో చెయ్యి పెట్టారు. అది అక్కడ ఉంటుందని తెలిసి కాదు, కోపంలో చేతికి అందినదల్లా తిరగేస్తున్నారు. గుడ్డముక్కల కింద నవల దొరికింది. అది భార్య బుట్టలోకి ఎలా వచ్చిందని ఆలోచించే తీరిక కూడా లేదు ఆయనకి. మట్టి చేత్తోనే పట్టుకుని పెరట్లోకి నడిచి, ఆకులు కుళ్ళబెట్టే ఎరువు గుంటలోకి విసిరేశారు.

"ఏమండీ!"

ఆ కేక కోడలిది కాదు.

అత్తగారు వరండా మెట్లు దిగి పరుగెత్తారు. ఆవిడ పరుగెత్తగా ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. గుంట అంచున మోకాళ్ళ మీద కూర్చుని, కుళ్ళిన ఆకుల్లో చేతులు పెట్టి, పుస్తకాన్ని బయటికి తీసి, కొంగుతో తుడవసాగారు.

"బుద్ధుందా మీకు? ఎవరి వస్తువనుకుని పారేశారు? ఇంకా మూడు అధ్యాయాలున్నాయి!"

"నీకెలా తెలుసు?" అన్నారు మామగారు.

"నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? నిన్న చదివించుకున్నది నేను! లేవకుండా దాని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది నేను! ఇంకొక్క పేజీ అన్నది నేను!"

కుక్క సంగతి, గులాబీ సంగతి మామగారి ముఖంలోంచి తుడిచిపెట్టుకుపోయాయి.

"నువ్వా? నువ్వు నవలలు... ఎన్నాళ్ళ నుంచి?"

"కళ్ళు పోయినప్పటి నుంచి. కళ్ళున్నన్నాళ్ళూ భయపడ్డాను."

"నాతో చెప్పలేదే?"

"చెబితే ఏమనేవారు?" అత్తగారు లేచి నిలబడ్డారు. "రోజూ భోజనాల దగ్గర మీ మొక్కల పుస్తకం నాకు చదివి వినిపిస్తారు. చీడలూ, ఎరువులూ, అంట్లు కట్టడాలూ. నేను వింటూనే ఉన్నాను. నీకేం చదవాలనుందని ఒక్కనాడైనా అడిగారా? పెళ్ళైన కొత్తలో నా చేతిలో ఒక కథల పుస్తకం చూసి మీ స్నేహితుల ముందు నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలోంచి పోలేదు."

ఆయనకి ఆ నవ్వు గుర్తున్నట్టు లేదు. అలాంటివి నవ్వినవాళ్ళకి గుర్తుండవు కదా.

ఎక్కడో ఒకచోట కోడలికి సంతోషం కలగాల్సింది. నిన్నటి నుంచి ఎదురుచూసిన మాట ఎట్టకేలకు అత్తగారి నోటి నుంచి వచ్చింది. కానీ ఆమెకి కలిగింది సంతోషం కాదు. చిర్రెత్తుకొచ్చింది. అప్పటిదాకా వచ్చిన కోపమంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

"ఎంత గొప్పగా మాట్లాడారు అత్తయ్యా," అంది.

అత్తగారు ఇటు తిరిగారు.

"నిన్న నన్ను పట్టుకుని తిడుతుంటే మీకు నోరు రాలేదు. పొద్దున బొత్తాంని వ్యాను ఎక్కిస్తుంటే గుమ్మంలోనే ఉండి ఉంటారు, అప్పుడూ నోరు రాలేదు. పిల్ల తలుపేసుకుని ఏడుస్తుంటే రాలేదు. పుస్తకం గుంటలో పడేసరికి వచ్చిందా?"

"అది కాదే..."

"మరేమిటి? గిన్నె ఎవరు కడిగి బోర్లించారు? చెప్పండి."

పుస్తకాన్ని గుండెలకి హత్తుకున్న అత్తగారి చేతులు నెమ్మదిగా కిందికి జారాయి.

"నేనే," అన్నారు చివరికి. "ఈగలు ముసురుతున్నాయని. నాకు భయమేసిందే. నిజం చెబితే మధ్యాహ్నం చదువు ఆగిపోతుందని భయమేసింది. నాకు ఉన్నది ఆ ఒక్కటే. కుక్కని నాలుగు రోజులయ్యాక తెప్పించవచ్చులే అనుకున్నాను."

"మీకు ఉన్నది ఆ ఒక్కటే. దానికి ఉన్నది ఏమిటి?" అని లోపలి వైపు వేలు చూపింది కోడలు. "దానికి తోడు ఎవరున్నారు ఈ ఇంట్లో? మనమంతా మన గొడవల్లో ఉంటే, బడి నుంచి వచ్చి అది మాట్లాడుకునేది ఎవరితో?"

సాయంత్రం వెలుగు గోడ మీది నుంచి జారిపోతోంది.

భర్త జేబులో ఫోన్ మోగింది.

చూసి, కాస్త పక్కకి వెళ్ళి ఎత్తాడు. "ఆ... చెప్పు... ఎప్పుడు?... ఎటువైపు?... అయ్యో, అప్పుడే ఫోన్ చెయ్యొద్దా?" ఇంతే వినిపించింది. ఫోన్ పెట్టేసి, దాన్ని రెండు చేతుల మధ్య తిప్పుతూ నిలబడ్డాడు. మళ్ళీ నీళ్ళు నమిలే మనిషి ముఖం.

"మింగకండి. చెప్పండి," అంది భార్య.

"తాడు కొరుక్కుని పారిపోయిందట. మధ్యాహ్నమే. వస్తుందిలే అని చూశాడట. రాలేదు."

"ఎటు వెళ్ళిందట?"

"ఇటే. ఇంటి వైపే."

"గోడౌన్‌కీ మనకీ మధ్య ఏముంది?"

అతను గొంతు బాగా తగ్గించాడు. తగ్గించినా ఆ ఇల్లు ఎంతని? "పెద్ద రోడ్డు. లారీలు వెళ్ళే రోడ్డు. అది దాటాలి."

బాత్‌రూమ్ గడియ తీసిన చప్పుడైంది.

పిల్ల నడవలోంచి నడిచి వచ్చింది. బడి బూట్లు ఇంకా కాళ్ళకే ఉన్నాయి. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది. కానీ ఇప్పుడు ఏడవడం లేదు. గోడవార బోర్లించిన గిన్నెని తీసి చంకలో పెట్టుకుంది. ఎవరి ముఖమూ చూడలేదు.

"నన్ను ఎవరైనా తీసుకెళ్తారా, నేనే నడిచి వెళ్ళనా?"

భర్త వ్యాను తాళాల కోసం పరుగెత్తాడు. కోడలు పిల్ల చెయ్యి పట్టుకుంది. మామగారు "నేనూ..." అంటూ ఒక అడుగు వేశారు.

"నువ్వొద్దు," అంది పిల్ల.

ఆయన ఉన్నచోటనే నిలబడిపోయారు, మట్టి చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. ఇప్పుడు బాత్‌రూమ్ తలుపు తెరిచే ఉంది. ఆయనకి చేతుల సంగతే గుర్తులేదు.

వ్యాను వెనక అంతా క్యాన్లే. ముందు అడ్డంగా ఒకే పొడవాటి సీటు. భర్త పక్కన కోడలు, ఆమె ఒళ్ళో పిల్ల, పిల్ల ఒళ్ళో గిన్నె. తలుపు వేసుకోబోతుంటే అత్తగారు గేటు దాటి వచ్చారు. కాళ్ళకి చెప్పులు లేవు. చేతిలో పుస్తకం కూడా లేదు. మెట్టు మీద వదిలేసి వచ్చారు.

"నేనూ వస్తాను. జరగండి."

"మీరెందుకు?" అంది కోడలు. ఆ గొంతులో కోపం ఇసుమంతైనా తగ్గలేదు. "చీకటి పడుతోంది. మీకు చీకట్లో ఏమీ కనిపించదు."

"కనిపించదు," అన్నారు అత్తగారు. "దాని గొంతు వినిపిస్తుంది. నిన్న కూడా వినిపించింది."

కోడలు ఆవిడ ముఖంలోకి చూసింది. తర్వాత జరిగి చోటిచ్చింది.

వీధి మలుపు తిరిగి, పంపు దాటి, బండి పెద్ద రోడ్డు దగ్గరికి వచ్చేసరికి లైట్లు వెలిగాయి. లారీలు ఒకదాని వెనక ఒకటి హోరుమంటూ పోతున్నాయి. పిల్ల ముందు అద్దానికి ముఖం ఆనించి "బొత్తాం! బొత్తాం!" అని పిలుస్తోంది. ఆ హోరులో ఆ పిలుపు సీటు దాకా కూడా రావడం లేదు.

"ఆపరా బండి," అన్నారు అత్తగారు.

"ఇక్కడా? అమ్మా, వెనక లారీ..."

"ఆపమంటుంటే! ఇంజన్ కూడా ఆపు."

భర్త బండిని పక్కకి లాగి ఆపాడు. అత్తగారు కిటికీ అద్దం దించి, కళ్ళు మూసుకుని, తల బయటికి వంచారు.

"ఏం వినిపిస్తోంది నానమ్మా?"

ఆవిడ చెయ్యి ఎత్తి ఉండమన్నారు. రెండో చెయ్యి చీకట్లో తడుముకుంటూ వచ్చి, నిన్న పట్టుకున్న ఆ మణికట్టునే మళ్ళీ పట్టుకుంది.

"లే," అన్నారు కోడలితో. "దిగు. త్వరగా."